కింది ఇంటికి రాని ఉడుకునీళ్ళు

మదనపల్లె, పుంగనూరు, కుప్పం, మధ్యలో ఉన్న పల్లెలు. ఈ చుట్టుపక్కల నేను పైపులు బిగించని వీధి తక్కువ. మొదట్లో అన్ని రకాల పైపు పనులూ చేసినాను. తర్వాత తర్వాత ఎక్కువగా ఉడుకునీళ్ళ పనే చేసినాను. మిద్దె మీద సోలార్ ట్యాంకు నిలబెట్టడం, అక్కడినుంచి కింది గదుల దాకా నీళ్ళు దించడం, దించినాక వచ్చే తగాదాలు తీర్చడం. మోకాళ్ళు నిచ్చెన ఎక్కనివ్వకపోయేసరికి మానుకున్నాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్ళు నా దగ్గరికి వచ్చి ఏ వాల్వు మంచిది, ఏ పైపు ఎన్నాళ్ళు వస్తుంది అని అడుగుతుంటారు. అవి షాపులో అడిగినా చెప్తారు. షాపులో చెప్పని సంగతి ఒకటి నా దగ్గర ఉంది. అది నేను చేసిన తప్పు. అది చెప్పాలంటే ముందు కొంచెం వెనక్కి పోవాలి.

ఈ పని ఎట్లాంటిది

మాకు కబురు వచ్చేది పొద్దున ఆరున్నర, ఏడు మధ్య. తలకు సోపు పెట్టుకున్న మనిషి మీద ఉన్నట్టుండి సన్నీళ్ళు పడి ఉంటాయి. లేదంటే బిడ్డకు పోస్తుంటే నీళ్ళు చుర్రుమని కాలి ఉంటాయి. ఆ కోపం మొదట ఇంట్లోవాళ్ళ మీదికి పోతుంది. వాళ్ళ దగ్గర ఒక చుట్టు తిరిగి, ఆఖరికి మన దగ్గరికి వస్తుంది. మనం గడప తొక్కేసరికే ఆ ఇంట్లో ఒక వాదన సగంలో ఉంటుంది.

మదనపల్లెలో చలి జాస్తి. కార్తీకం మొదలు శివరాత్రి దాకా ఉడుకునీళ్ళు లేకుండా జరగదు. ముందు కాలంలో నీళ్ళగదిలో పొయ్యి, పొయ్యి మీద రాగి అండా ఉండేవి. ఎవరు ఎన్ని చెంబులు ముంచుకున్నారో అందరికీ కనబడేది. తొంభైల్లో జనం మిద్దె మీద మిద్దె కట్టడం మొదలుపెట్టినారు. ఒక అంతస్తులో అన్న, ఒక అంతస్తులో తమ్ముడు, అందరికీ కలిపి పైన ఒకటే ట్యాంకు. ఎవరు ఎంత వాడుతున్నారో పైపులో కనబడదు. కనబడని చోట అనుమానం పుడుతుంది. ఆ అనుమానం నిజమని చెప్పే మనిషి కోసం వాళ్ళు ఎదురుచూస్తుంటారు. ఆ సమయానికే మనం స్పానర్ పట్టుకుని వస్తాం.

చెంగప్ప మేస్త్రి

నాకు పని నేర్పింది కుప్పంలో చెంగప్ప మేస్త్రి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడేవాడు, అదీ మాట్లాడితే. ఒక ఇంటికి పోతే మొదటి అరగంట ఆయన నోట్లోంచి మాట వచ్చేది కాదు. ఇంటి యజమాని ఎంత అడిగినా తల ఊపేవాడు అంతే. మిద్దె మీద మొదలుపెట్టి, పైపు వెంబడే నడుస్తూ, అడుగడుగునా చెయ్యి ఆనించి చూసుకుంటూ కిందికి దిగేవాడు. అరచెయ్యి కాదు, చేతి వెనకభాగం.

ఒకసారి నేను అరచెయ్యి పెట్టి, "వెచ్చగానే ఉండాది మేస్త్రీ" అన్నాను.

"మన అరచేతికి కాయలు కాసి ఉంటాయి. అది అబద్ధం చెప్తాది. ఎనక్కి తిప్పి పెట్టి సూడు" అన్నాడు.

తిప్పి పెట్టి చూస్తే పైపు చల్లగా ఉంది.

ఆయన నేర్పిన ఇంకో సంగతి నాకు జీవితమంతా పనికొచ్చింది. "నీళ్ళు యాడనుంచి వస్తాండాయో తెలియల్లంటే, ముందు వచ్చే దారి కట్టెయ్. కట్టేసినాక కూడా వస్తే, ఇంగో దారి ఉన్నట్టు." అంతే చెప్పినాడు. ఎందుకు, ఏమిటి అని వివరించేవాడు కాదు. అడిగితే విసుక్కునేవాడు. ఆయన పనితనం చూసి నేర్చుకున్నాను గానీ, ఆ మౌనం మాత్రం నాకు మొరటుగా అనిపించేది. ఇంటివాళ్ళు భయపడుతూ అడుగుతుంటే ఒక మంచిమాట చెప్తే ఏం పోతుంది అనుకునేవాణ్ణి. నేను అట్లా ఉండకూడదు, జనంతో కలిసిపోయి పని చెయ్యాలి అనుకున్నాను. ఆయన ఎందుకు మాట్లాడడో నాకు అర్థం కావడానికి పదేళ్ళు పట్టింది.

పుంగనూరులో దూలం

తొంభైల చివర మదనపల్లెలో శ్రీనివాసులు అనే ఆయన షాపులో చేరినాను. సోలార్ సామాను అమ్మేది ఆయన, పోయి బిగించేది నేను. ఆ రోజుల్లో పుంగనూరులో ఒక రిటైరైన హెడ్మాస్టరు రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నాడు. మీది గదిలో ఉడుకునీళ్ళు చక్కగా వస్తాయి. కిందికి మాత్రం కొళాయి బుడబుడమని రెండు గుక్కలు కక్కి నిలబడిపోతుంది. ఆయన ఇద్దరు పనివాళ్ళను పిలిపించి చూపించినాడట, ట్యాంకు మార్చమన్నారట.

నేను పైపు వెంబడి నడిచినాను. వరండా దూలం దగ్గర, వాస్తు కోసం దూలానికి రంధ్రం పెట్టకూడదని, పైపును దూలం మీదికి ఎక్కించి అవతల దించినారు. పైపు అట్లా గూనిలాగ పైకి లేచిన చోట గాలి చేరుకుంటుంది. గాలి చేరితే నీళ్ళు ముందుకు కదలవు. ఆ గూని మీద సన్న పైపు ఒకటి పైకి నిలబెడితే గాలి పోతుంది. అంతే పని. కానీ వీధిలోకి పైపు కనబడుతుందని ఆయన ఒప్పుకోలేదు.

"సార్, మీ పైపుకు ఊపిరాడడం లేదు. ముక్కు పెట్టాల. ముఖానికి ముక్కు కనబడితే తప్పేముంది?" అన్నాను.

ఆయన పకపకా నవ్వి సరే అన్నాడు. సాయంత్రానికి కింద నీళ్ళు ధారగా వచ్చినాయి. పుంగనూరంతా నా పేరు చెప్పినాడు. శ్రీనివాసులు కూడా, "రెడ్డెప్ప నోరు బాగుంటాది, వాణ్ణే పంపించండి అంటాండారప్పా జనం" అని మురిసిపోయినాడు. మన పనిలో సగం చేతిదీ, సగం నోటిదీ అని నాకు గట్టిగా నమ్మకం కుదిరింది. ఆ నమ్మకంతోనే, నేను తప్పు చేసిన ఆ ఇంటికి పోయినాను.

మెట్లు ఎక్కకుండా అన్న మాట

మదనపల్లెలో పట్టునూలు వ్యాపారం చేసే కుటుంబం అది. కింది అంతస్తులో తల్లి లక్ష్మమ్మ, పెద్దకొడుకు, పెద్దకోడలు సరోజ. మొదటి అంతస్తులో చిన్నకొడుకు, చిన్నకోడలు హేమ, వాళ్ళకు ఏడు నెలల బిడ్డ. వంట మాత్రం అందరికీ కిందనే. పైన నూలు సరుకు పెట్టుకునే గది, దాని మీద సోలార్ ట్యాంకు. కొడుకులిద్దరూ నూలు పని మీద ఎక్కువగా ఊళ్ళు తిరిగేవాళ్ళు. ఇంటిని నడిపించేది సరోజ. గట్టి మనిషి. అత్తను బాగా చూసుకునేది.

లక్ష్మమ్మకు కీళ్ళ జబ్బు. చేతివేళ్ళు వంకర్లు పోయి, కొళాయి తిప్పడం ఆమెకు గండంగా ఉండేది. ఆ సంవత్సరం వానాకాలంలో నేనే ఆమె నీళ్ళగదిలో మిక్సర్ కొళాయి, దానికి హ్యాండ్ షవర్ బిగించినాను. ఉడుకునీళ్ళు తెరవడానికొక తిప్పుడు, సన్నీళ్ళకొక తిప్పుడు, రెండూ కలిసి వచ్చేచోట షవర్. షవర్ పిడికి బటన్ ఉంటుంది. నొక్కితే నీళ్ళు వస్తాయి, వదిలితే ఆగిపోతాయి.

"ఆ రెండూ ఒగసారి తెరిచి, మీకు సరిపోయే వేడి పెట్టుకోండి పెద్దమ్మా. ఇంగ వాటిని ముట్టుకోవద్దు. ఈ బటన్ నొక్కితే చాలు" అని చెప్పినాను. ఆమె ముఖం వెలిగిపోయింది. నేనూ సంతోషంగా వచ్చినాను.

చలికాలం మొదలైనాక సరోజ షాపుకు ఫోన్ చేసింది. నేను పోయేసరికి తొమ్మిది దాటింది. పదింటికి పుంగనూరు బస్సు పట్టుకోవాలి, అక్కడ వేరే పని ఒప్పుకుని ఉన్నాను.

"ఏంది రెడ్డెప్పా ఈ నీళ్ళు? ఒగ దినం కాగుతాయి, ఒగ దినం కాగవు. ఒగే స్నానంలో రెండు రకాలు. మా అత్తకు సన్నీళ్ళు తగిలితే ఆ దినమంతా చేతులు మడవలేదు. మీదనేమో బాగా వస్తాండాయి" అంది సరోజ.

నేను వంటింటి పక్కనున్న కొళాయి తిప్పినాను. ఉడుకునీళ్ళే వచ్చినాయి.

"ఇప్పుడు బాగానే ఉండాయి గదమ్మా."

"నువ్వొచ్చినప్పుడు బాగుంటాయి. పొద్దున ఆరింటికి వచ్చి సూడు."

అంతలో మీది అంతస్తులో బకెట్టులో నీళ్ళు పడే చప్పుడు వినబడింది. బిడ్డకు స్నానం చేయిస్తున్నారేమో. నేను తల పైకెత్తి ఆ చప్పుడు విన్నాను. గడియారం కూడా చూసుకున్నాను.

"ట్యాంకు నీళ్ళు మొదట మీదోళ్ళకు పోతాయమ్మా. వాళ్ళు వాడినాక మిగిలిందే మీకు. మీద ఎక్కువ వాడుతాండారేమో" అన్నాను.

మిద్దె ఎక్కి ట్యాంకు చూడలేదు. పైపు మీద చెయ్యి పెట్టలేదు. మొదటి అంతస్తుకు పోయి అమ్మా, మీరు ఎన్ని బకెట్లు వాడతారు అని అడగలేదు. సరోజ పైకప్పు వైపు ఒకసారి చూసింది. నేను బస్సుకు పోయినాను.

ఇరవై దినాలు

మూడు వారాల తర్వాత మళ్ళీ ఫోన్ వచ్చింది. ఈసారి చేసింది హేమ.

పోతే ఆమె మొదటి అంతస్తు గడప దగ్గర కుర్చీలో కూర్చుని ఉంది. ఎడమ పాదానికి కట్టు. ఒళ్ళో బిడ్డ. నన్ను చూసి లేవబోయి, లేవలేక కూర్చుండిపోయింది.

"నేను మీద ఉడుకునీళ్ళ కొళాయి తిప్పి ఇరవై దినాలైందప్పా. నువ్వు పోయిన దినం మా సరోజక్క వచ్చి అడిగింది, అంత నీళ్ళు ఏం చేస్తాండావు, కింద ముసలామె సన్నీళ్ళు పోసుకుంటాంది అని. పైపులాయన చెప్పినాడు అంది. నాకు రోషం వచ్చింది. ఆ దినంనుంచి స్టవ్ మీద కాంచుకుంటాండాను. ఈయన ఇంగో గ్యాసు తెచ్చినాడు. వంట గూడా వేరే అయిపోయింది."

ఆమె గొంతులో కోపం లేదు. అలసిపోయినట్టు ఉంది.

"మొన్న బిడ్డ ఏడుస్తాంటే తొందరగా గిన్నె ఎత్తుకొని పోతాండాను. నీళ్ళగది గడప దగ్గర కాలు జారి, కాగే నీళ్ళు పాదం మీద పడినాయి. బిడ్డ మంచం మీద ఉన్నింది కాబట్టి సరిపోయింది."

నేను చేతిలో సంచి కింద పెట్టినాను.

"ఒగటి చెప్పప్పా. ఇరవై దినాలు నేను చెంబెడు ఉడుకునీళ్ళు ముట్టలా. ఈ ఇరవై దినాల్లో కింద నీళ్ళు కాగినాయా?"

ఏమీ మారలేదు. ఆ పొద్దున కూడా లక్ష్మమ్మ మీద సన్నీళ్ళు పడినాయని సరోజ కిందనే చెప్పి ఉంది. నేను చేసి ఉండాల్సిన పరీక్ష ఈ బిడ్డతల్లి తన ఒంటి మీద చేసి చూపించింది.

నేను మిద్దె ఎక్కినాను. ట్యాంకు నుంచి దిగే పైపు మీద చేతి వెనకభాగం పెట్టినాను. ఒకటి అని లెక్కపెట్టేంతసేపు కూడా ఉంచలేకపోయినాను, అంత వేడి. ట్యాంకు నిండా ఉడుకునీళ్ళు ఉన్నాయి. మొదటి అంతస్తులో కొళాయి తిప్పినాను, కాగే నీళ్ళు. కిందికి దిగి వంటింటి పక్క కొళాయి తిప్పినాను. ఒక చెంబు వేడిగా వచ్చి, తర్వాత గోరువెచ్చన, తర్వాత చల్లన.

మళ్ళీ పైకి పోయి ట్యాంకు దగ్గర ఉడుకునీళ్ళ వాల్వు పూర్తిగా మూసేసినాను. ఇప్పుడు ఇంట్లో ఏ ఉడుకునీళ్ళ కొళాయి తిప్పినా కొంచెంసేపు కారి ఆగిపోవాలి. కిందికి వచ్చి తిప్పినాను. ఆగలేదు. సన్నీళ్ళు ధారగా పడుతూనే ఉన్నాయి. వచ్చే దారి కట్టేసినా వస్తున్నాయంటే, ఈ ఇంట్లో ఎక్కడో సన్నీళ్ళ పైపు ఉడుకునీళ్ళ పైపులోకి తెరుచుకుని ఉంది.

కొళాయి అట్లే వదిలి గది గదీ వెతికినాను. లక్ష్మమ్మ నీళ్ళగదిలో మిక్సర్ రెండు తిప్పుళ్ళూ తెరిచి ఉన్నాయి. షవర్ గోడకు తగిలించి ఉంది. దాన్నుంచి చుక్క పడడం లేదు. రెండు తిప్పుళ్ళూ మూసినాను. వంటింటి పక్కన పడుతున్న నీళ్ళ చప్పుడు సన్నబడి, ఆగిపోయింది.

నేను తడి నేల మీద అట్లే కూర్చున్నాను.

మీకు అర్థమయ్యేటట్టు చెప్తాను. రెండు తిప్పుళ్ళూ తెరిచి, నీళ్ళను చివర బటన్ దగ్గర ఆపితే, బయటికి ఏమీ రాదు. కానీ లోపల ఉడుకునీళ్ళ పైపూ సన్నీళ్ళ పైపూ ఒకటైపోతాయి. కింద ఎవరైనా ఉడుకునీళ్ళ కొళాయి తిప్పితే, మిద్దె మీది నుంచి రావాల్సిన వేడినీళ్ళకంటే పక్కనున్న సన్నీళ్ళే ఆ అడ్డదారిలో ఎక్కువగా వచ్చేస్తాయి. లక్ష్మమ్మ స్నానం మధ్యలో అట్లా ఎవరైనా తిప్పితే ఆమె మీద పడేదీ సన్నీళ్ళే. మీది అంతస్తుకు ట్యాంకు దగ్గర కాబట్టి అక్కడ తేడా తెలియలేదు. తర్వాత అడిగితే తెలిసింది, ఆ ఇంటి పనిమనిషి దినం మార్చి దినం వచ్చి నీళ్ళగది కడిగేటప్పుడు ఆ తిప్పుళ్ళు మూసేది. అందుకే ఒక దినం కాగేది, ఒక దినం కాగేది కాదు. నేను మొదటిసారి వచ్చింది ఆమె కడిగిపోయిన కాసేపటికి.

ఆ షవర్ బిగించింది నేను. తిప్పుళ్ళు ముట్టుకోవద్దని చెప్పింది నేను. మీదోళ్ళు ఎక్కువ వాడుతున్నారని అన్నదీ నేనే.

శ్రీనివాసులు చెప్పిన దారి

దీనికి మందు చిన్నది. మిక్సర్‌కు వచ్చే రెండు పైపులకూ చెరొక నాన్ రిటర్న్ వాల్వు వెయ్యాలి. నీళ్ళను ముందుకు పోనిస్తుంది, వెనక్కి రానివ్వదు. వాల్వులు తెస్తానని చెప్పి షాపుకు వచ్చినాను. శ్రీనివాసులుకు జరిగిందంతా చెప్పినాను.

ఆయన కొంచెంసేపు ఆలోచించి, "వాల్వులు రెండూ వేసేసి వచ్చెయ్. పైపులో ఉప్పు పట్టింది, తీసేసినాను అని చెప్పు. మన బోరు నీళ్ళకు ఉప్పు పట్టేది అందరికీ తెలిసిందే గదా" అన్నాడు.

"ఆయమ్మ కాలు కాలిందన్నా."

"కాలిందప్పా. నువ్వు చెప్తే మానుతాదా? వాళ్ళిద్దరి కొట్లాట ఇప్పుడు మన మీదికి వస్తాది. ముసలామె గూడా నా వల్లనే అని కుమిలిపోతాది. ఎవురికి మంచిది?"

శ్రీనివాసులు చెడ్డవాడు కాడు. చెప్పిన మాటలో న్యాయం కూడా కొంత ఉంది, ముఖ్యంగా ముసలామె విషయంలో. ఆ దినమంతా నేను ఆ మాటనే పట్టుకుని తిరిగినాను. ఉప్పు అని చెప్పేస్తే అందరం బయటపడతాం. కానీ ఉప్పు అని చెప్తే, హేమ ఎక్కువ నీళ్ళు వాడిందన్న మాట ఆ ఇంట్లో అట్లే మిగిలిపోతుంది. ఉప్పూ ఉండాది, ఆమె వాడకమూ ఉండాది అనుకుంటారు. ఆ మాట పెట్టినవాణ్ణి నేను. ఇంకెవరూ దాన్ని తీసెయ్యలేరు.

హాల్లో

మర్నాడు పొద్దున పోయి వాల్వులు వేసినాను. తిప్పుళ్ళు తెరిచిపెట్టి, ట్యాంకు దగ్గర మూసి, మళ్ళీ చూసినాను. కింద కొళాయి ఆగిపోయింది. ట్యాంకు తెరిచినాను. ఉడుకునీళ్ళు వచ్చినాయి, వస్తూనే ఉన్నాయి. అప్పుడు చేతులు తుడుచుకుని, "అమ్మా, అందరూ ఒగసారి కూర్చోవాల. హేమమ్మను గూడా పిలవండి" అన్నాను.

పెద్దకొడుకు ఆ దినం ఊళ్ళోనే ఉన్నాడు. ఆయనే పోయి హేమకు చెయ్యి ఆసరా ఇచ్చి కిందికి పిలుచుకొచ్చినాడు. లక్ష్మమ్మ సోఫాలో కూర్చుంది. సరోజ గోడకు ఆనుకుని నిలబడింది.

నేను జరిగింది జరిగినట్టు చెప్పినాను. షవర్ సంగతి, వాల్వు వెయ్యాల్సిన సంగతి, వెయ్యకపోవడం. "మీద ఎక్కువ వాడుతాండారని ఆ దినం నేను చెప్పింది తప్పు. సూడకుండా చెప్పినాను. హేమమ్మ వాడకానికీ దీనికీ సంబంధం లేదు. ట్యాంకు మీ అందరికీ సరిపోతాది" అన్నాను.

ముందు మాట్లాడింది లక్ష్మమ్మ. "అయితే నా చేత్తోనే జరిగిందా నాయనా ఇదంతా?"

"లేదు పెద్దమ్మా. అట్లే ఇడిసిపెట్టమని నేనే చెప్పినాను. ఇడిసిపెట్టినా నీళ్ళు కలవకుండా సూసుకోవాల్సింది పైపు బిగించినోడు. ఇప్పుడు గూడా మీరు అట్లే ఇడిసిపెట్టండి. ఏం కాదు."

ఆమె తన వేళ్ళవైపు చూసుకుంటూ ఉండిపోయింది. నా మాట ఆమెను ఎంతవరకు తేలికపరిచిందో నాకు తెలియదు.

హేమ అడిగింది. "ఆ దినం మీదికి వచ్చి నన్ను ఒగసారి అడిగింటే ఏమయ్యేదప్పా? పదహారు మెట్లు."

"బస్సు పోతాదని ఎక్కలేదమ్మా" అన్నాను.

పెద్దకొడుకు నేల చూస్తున్నాడు. అప్పుడు సరోజ మాట్లాడింది, నాతో కాదు, హేమతో.

"ఆయప్ప ఎక్కలా. నేను ఎక్కినాను. ఎక్కి అడగలా, అనేసి దిగినాను."

హేమ తలెత్తి ఆమెను చూసింది. పైన బిడ్డ ఏడుస్తుందని లేచింది. సరోజ ముందుకు వచ్చి చెయ్యి ఇవ్వబోయింది. హేమ ఆ చెయ్యి పట్టుకోలేదు. గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ ఎక్కి పోయింది. సరోజ మెట్ల కింద నిలబడి, ఆమె పైకి చేరేదాకా చూసింది.

ఆ ఇంట్లో వంట వెంటనే ఒకటి కాలేదు. చెప్పినాను కాబట్టి అంతా సర్దుకుపోయిందని మీకు చెప్పలేను. తర్వాత ఒకసారి వాషర్ మార్చడానికి పోతే, స్టవ్‌లు రెండూ వేరుగానే ఉన్నాయి. కానీ బిడ్డ కింద సరోజ దగ్గర ఆడుకుంటూ ఉన్నాడు. మధ్యాహ్నం పూట స్నానం కిందనే పోస్తున్నారట. ఆ సంగతి లక్ష్మమ్మ చెప్పింది.

శ్రీనివాసులు నా మీద కోప్పడి, రెండు నెలలు నన్ను బైరెడ్డిపల్లె, వి.కోట వైపు పల్లెలకే పంపించినాడు. ఆ తర్వాత ఒక దినం షాపులో హ్యాండ్ షవర్ డబ్బాలు విప్పి చూస్తే, ఒక్కో దానితో రెండేసి నాన్ రిటర్న్ వాల్వులు కలిపి దారంతో కట్టి ఉన్నాయి. ఎవరు కట్టినారని నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

పనిలోకి వస్తున్నవాళ్ళకు

ఇంటివాళ్ళు మిమ్మల్ని అడిగేది రెండు ప్రశ్నలు. నీళ్ళు ఎందుకు రావడం లేదు అనేది ఒకటి, అది పైకే అడుగుతారు. తప్పు ఎవరిది అనేది రెండోది, అది పైకి అడగరు. మీరు మొదటి దానికి జవాబు చెప్తున్నామనుకుంటారు, వాళ్ళు రెండోదానికి జవాబు వింటారు. చెంగప్ప మేస్త్రి ఆ అరగంట ఎందుకు నోరు తెరవలేదో నాకు ఆ హాల్లో అర్థమైంది. నేర్చుకునే రోజుల్లోనే ఆయన నాకు ఆ సంగతి చెప్పి ఉంటే బాగుండేది. చెప్పలేదు, అది ఆయన లోపం. అందుకే నేను మీకు చెప్తున్నాను.

మనం పెట్టిన పైపులో తప్పుంటే పీకి మళ్ళీ బిగించవచ్చు. మన మాటను పట్టుకుని ఒక మనిషి మెట్లు ఎక్కిపోయినాక, ఆ మాట వెనక్కి తీసుకోవడానికి ఏ స్పానరూ లేదు. చెప్పినవాడే పోయి, అందరూ ఉన్నప్పుడు, అది తప్పు అని చెప్పాలి. పని పోతుందేమో అనిపిస్తుంది. నాకు పోలేదు, మీకు పోవచ్చు. అయినా చెప్పాలి.

కుప్పంలో

ఐదారేళ్ళ తర్వాత హేమ భర్త కుప్పంలో చీరల అంగడి పెట్టుకున్నాడు. అక్కడే రెండంతస్తుల ఇల్లు కట్టుకున్నారు. ఒక దినం షాపుకు ఫోన్ వచ్చింది. కొత్త ఇంట్లో మీదికి ఉడుకునీళ్ళు బాగా వస్తున్నాయి, కింద సన్నగా, గోరువెచ్చగా వస్తున్నాయి, రెడ్డెప్పనే పంపించండి అని. కుప్పంలో మంచి పనివాళ్ళు ఉన్నారు. నన్నే ఎందుకు అడిగిందో నేను ఆమెను అడగలేదు.

పొద్దున బస్సుకు పోయినాను. హేమ తలుపు తీసి, "రా అప్పా" అంది. కొడుకు బడికి పోయినాడట. లోపల వంటింట్లో సరోజ కింద కూర్చుని చిక్కుడుకాయలు ఒలుస్తూ ఉంది. నాలుగు దినాలు ఉండి పోదామని వచ్చిందట. నన్ను చూసి తల ఊపింది.

నేను మిద్దె ఎక్కినాను. ట్యాంకు చూసినాను. పైపు మీద చెయ్యి పెట్టుకుంటూ మెల్లగా దిగినాను. ఒక్కో గది, ఒక్కో కొళాయి. రెండు మూడు కారణాలు తోస్తున్నాయి. ఏదీ నోటిదాకా రానివ్వలేదు. హేమ మొదట నా వెనకే తిరిగింది, తర్వాత వంటింటి గడప మీద నిలబడింది.

"ఏమప్పా, గంటైంది. ఏమై ఉంటాదో ఒగ మాట గూడా చెప్పవు?" అంది.

"ఇంగా సూస్తాండానమ్మా."

లోపలినుంచి సరోజ, చేతిలో చిక్కుడుకాయ వదలకుండానే, "ఆయప్పను తొందరపెట్టద్దు హేమా. సూడనీ" అంది.

హేమ నవ్వి, పోయి ఆమె పక్కన కూర్చుని ఒక గుప్పెడు కాయలు ఒళ్ళోకి తీసుకుంది. నేను మళ్ళీ మెట్లు ఎక్కినాను. మధ్యాహ్నానికి, కిందికి దిగే పైపు మీద, గోడలకు రంగులు వేసినవాళ్ళు సగం మూసి మరిచిపోయిన వాల్వు ఒకటి దొరికింది. తెరిచి, రెండు అంతస్తుల్లోనూ నీళ్ళు చూసుకుని, కిందికి వచ్చి అప్పుడు నోరు తెరిచినాను.